తెనాలిలో ఇల్లు, పొలం ఉన్నాయి. పాప ఫ్యాఫ్సాలో (కాలేజీ చదువుకి ప్రభుత్వ సాయం అడిగే ఫారం) రాయాలా?

అందరికీ నమస్కారం అండి. మేము మొన్న జూలైలో తెనాలి నుంచి అమెరికాలో న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చాం. మా అన్నయ్య ఎప్పుడో వేసిన పిటిషన్ మీద ఇన్నేళ్లకి గ్రీన్ కార్డులు వచ్చాయి. పాప ఇక్కడ పన్నెండో తరగతిలో చేరింది. ఫ్యాఫ్సా నింపారా అని స్కూల్లో కౌన్సెలర్ రెండుసార్లు అడిగారట. మా వారు అక్కడ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేసేవారు, ఇక్కడ ఒక స్టోర్‌లో గంటల లెక్కన చేస్తున్నారు. తెనాలిలో ఇల్లు అద్దెకిచ్చాం, రెండెకరాల పొలం కౌలుకిచ్చాం. తెలిసిన ఒకాయన నాలుగు వందల డాలర్లిస్తే మొత్తం తనే నింపుతానంటున్నారు, ఇండియా ఆస్తులు రాయొద్దు, వాళ్లకెలా తెలుస్తుంది అంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. అసలు ఇప్పుడే వచ్చినవాళ్లకి సాయం ఇస్తారా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

*

చెల్లెమ్మా, ముందుగా ఆ నాలుగు వందలు ఎవరికీ ఇవ్వకండి. ఫ్యాఫ్సా పేరులో మొదటి అక్షరానికి అర్థమే ఉచితం. స్టూడెంట్ ఎయిడ్ డాట్ గవ్ అనే ప్రభుత్వ సైట్‌లో మీరూ పాపా కూర్చుని నింపుకోవచ్చు. గ్రీన్ కార్డు చేతికొచ్చి ఎన్నాళ్లయింది అని ఫెడరల్ సాయానికి, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చేదానికి, చూడరు. పాపకి గ్రీన్ కార్డు ఉంది, సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంది, అంతే చాలు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే మేమూ మీలాగే తోబుట్టువు పిటిషన్ మీద వచ్చినవాళ్లం, మా బాబుకి ఫారం ఒక కన్సల్టెంట్‌తో నింపించాం. ఆయన ఇండియా ఆస్తుల దగ్గర సున్నా పెట్టాడు, పైగా అకౌంట్‌కి తన ఈమెయిలే ఇచ్చుకున్నాడు. కాలేజీ వాళ్లు వెరిఫికేషన్‌కి కాగితాలు అడిగితే ఆ మెయిళ్లన్నీ ఆయనకే వెళ్లాయి. మూడు వారాల తర్వాత మేమే ఫోన్ చేస్తే గానీ సంగతి తెలియలేదు. అప్పటికి ప్రయారిటీ గడువు, అంటే సాయంలో ముందు వరస దొరికే గడువు, దాటిపోయింది. ఆ రాత్రి వంటింట్లో బల్ల మీద పట్టాదారు పాసు పుస్తకం, మా వారి ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పరుచుకుని, ఇంగ్లీషులో వివరణ ఉత్తరం రాయడానికి బాబు పక్కన కూర్చుంటే వాడి ముఖంలోకి చూడలేకపోయాను. వాడు చేసిన తప్పేమీ లేదు కదా.

ఇప్పుడు మీ సంగతి. 2026–27 ఫారంలో 2024 ఆదాయం అడుగుతారు, అంటే మీరు తెనాలిలో ఉన్నప్పటిది. అమెరికా రిటర్న్ వేయలేదు, సంపాదన వేరే దేశంలోది అని చెప్పే వీలు ఫారంలోనే ఉంది. జీతంతో పాటు ఆ ఏడాది అద్దె, కౌలు డబ్బులు వచ్చి ఉంటే అవీ కలిపి, ఫారం నింపే రోజు మారకం రేటుతో డాలర్లలోకి మార్చి వేయండి. తొమ్మిది లక్షలనుకోండి, సుమారు పది వేల డాలర్లవుతుంది. ఈ దేశపు లెక్కలో అది చాలా తక్కువ ఆదాయం, కాబట్టి మీ పాపకి పెల్ గ్రాంట్ బాగానే వచ్చే అవకాశం ఉంది. 2025–26లో దాని గరిష్ఠం 7,395 డాలర్లు, తిరిగి కట్టక్కర్లేని డబ్బు.

చాలామంది ఆగిపోయేది ఇంకోచోట. అమెరికాలో జాయింట్ రిటర్న్ వేసిన భార్యాభర్తల్లో ఒకరు సంతకం చేస్తే సరిపోతుంది. మీరు 2024కి వేయలేదు కాబట్టి మీరిద్దరూ విడివిడిగా అకౌంట్లు తెరవాలి, పన్ను వివరాలు తీసుకోవడానికి ఇద్దరూ కన్సెంట్ ఇవ్వాలి, ఇద్దరూ సంతకం చేయాలి. ఒక్కరు వదిలేసినా ఫారం ఆగిపోతుంది. పేర్లు సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టండి. మన ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఒకదాంట్లో వెనక, ఒకదాంట్లో ఒట్టి ఇనీషియల్‌గా ఉంటుంది, సగం తిప్పలు అక్కడే.

ఇక ఆస్తులు. మీరు ప్రస్తుతం ఉంటున్న సొంత ఇంటిని ఫ్యాఫ్సా అడగదు. కానీ తెనాలి ఇంట్లో మీరు ఉండట్లేదు, అద్దెకిచ్చారు, కాబట్టి అది లెక్కలోకి వస్తుంది. పొలమూ అంతే. కుటుంబం నివసిస్తూ సాగు చేసుకునే పొలానికి 2026–27 నుంచి మినహాయింపు ఇచ్చారు గానీ మీది కౌలుకిచ్చిన పొలం, అది వర్తించదు. రాయాల్సింది ఈరోజు అమ్మితే వచ్చే ధర, రిజిస్ట్రేషన్ విలువ కాదు. దాని మీద బ్యాంకు తనఖా అప్పు ఉంటే తీసేసి మిగిలింది రాయండి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు రాయాలి. ఎల్ఐసీ పాలసీ విలువ రాయక్కర్లేదు.

ఇదంతా రాస్తే సాయం పోతుందేమో అని కదా భయం? తల్లిదండ్రుల ఆస్తిలో లెక్కకి పట్టేది ఎక్కువలో ఎక్కువ 5.64 శాతం. లక్ష డాలర్ల ఆస్తి ఉన్నా, చదువుకి మీరు పెట్టగలరని వాళ్లు లెక్కగట్టే వంతుకి కలిసేది మహా అయితే 5,640 డాలర్లు. ఆదాయం తక్కువున్న ఇంటికి అంతకూడా కలవదు. అదే పిల్లల పేరున ఉన్న డబ్బులో 20 శాతం పడుతుంది, అందుకని తాతగారు పంపే డబ్బు పాప అకౌంట్లో వేయించకండి. దాచి సంతకం చేసి దొరికితే మాత్రం 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. ఎలా తెలుస్తుంది అంటున్నారు కదా ఆయన. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇండియాలో వచ్చే అద్దె, కౌలు కూడా ఇక్కడి టాక్స్ రిటర్న్‌లో చూపించాలి. ఆ రిటర్న్ వివరాలు ఐఆర్ఎస్ (ఇక్కడి పన్నుల శాఖ) నుంచి నేరుగా ఫ్యాఫ్సాలోకి వచ్చేస్తాయి. రిటర్న్‌లో అద్దె ఉండి, ఫ్యాఫ్సాలో ఇల్లు లేకపోతే అడిగినవాళ్లకి ఏం చెబుతారు?

ఇంకొకటి, ఈ ఫారం ఏటా వేయాలి. పై ఏడాది ఫారంలో 2025, ఆ తర్వాత 2026 ఆదాయం, అంటే మీ వారి ఇక్కడి సంపాదన కనబడుతుంది. గ్రాంట్ తగ్గొచ్చు. మొదటి ఏడాది వచ్చింది నాలుగేళ్లూ వస్తుందనుకుని ఖరీదైన కాలేజీలో చేర్చేయకండి. ఎడిసన్‌లోనే మిడిల్‌సెక్స్ కాలేజీ అనే కమ్యూనిటీ కాలేజీ ఉంది, అక్కడ రెండేళ్లు చదివి అసోసియేట్ డిగ్రీ చేత్తో రట్గర్స్ లాంటి స్టేట్ యూనివర్సిటీకి మారితే ఆ క్రెడిట్లు పోకుండా ఈ రాష్ట్రంలో ఒప్పందం ఉంది. కమ్యూనిటీ కాలేజీ అంటే మనవాళ్లు చిన్నచూపు చూస్తారు, పట్టించుకోకండి. న్యూజెర్సీ సొంతంగా ఇచ్చే ట్యాగ్ గ్రాంట్‌కి మాత్రం ఇక్కడ 12 నెలలు ఉండి ఉండాలి. మీరు జూలైలో వచ్చారు కాబట్టి వచ్చే సెప్టెంబరుకి సరిపోతుంది. అందుకు రుజువుగా లీజు కాగితం, మొదటి కరెంటు బిల్లు జాగ్రత్త.

— పిస్కాటవే నుంచి

*

ఫ్రిస్కో నుంచి ఒక మాట కలుపుతున్నాను, ఇది చూసి హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) పిల్లల తల్లిదండ్రులు ఆశపడతారని. హెచ్-4, ఎఫ్-1 (విద్యార్థి వీసా) వాళ్లకి ఫెడరల్ సాయం రాదండి. మా పెద్దమ్మాయి హెచ్-4, తనకి రాలేదు. చిన్నవాడు ఇక్కడే పుట్టాడు, మేం హెచ్-1బీలో ఉన్నా వాడు అర్హుడే, ఎందుకంటే చూసేది పిల్లల స్టేటస్, మనది కాదు. హెచ్-4 పిల్లలు కాలేజీ సొంత నిధుల కోసం అడగాలి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్స్ట్ లాంటివి విదేశీ విద్యార్థులకి కూడా అవసరాన్ని బట్టి మొత్తం ఇస్తాయి, సీటు రావడమే కష్టం. చాలా ప్రైవేటు కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఫారం అడుగుతాయి, అది ఫ్యాఫ్సా కన్నా లోతుగా వెళుతుంది.

*

అక్కా, చాలా థాంక్స్. ఆయనకి వద్దని చెప్పేశాను. నిన్న రాత్రి ముగ్గురం అకౌంట్లు తెరిచాం. మా వారి పేరు కార్డులో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉంది, కార్డు ప్రకారమే కొట్టాం. పొలం ధరకి మాత్రం కాగితం ఏదైనా పెట్టాలా?

*

ఫారంతో పాటు ఏమీ పెట్టక్కర్లేదు చెల్లెమ్మా. ఊళ్లో ఈ మధ్య పక్క పొలం ఎంతకి అమ్మారో మీ వాళ్లని అడిగి, ఆ ధర ఎలా వేశారో ఒక కాగితం మీద రాసి తేదీ వేసి ఉంచుకోండి. కాలేజీ అడిగితే అప్పుడిద్దురు గాని. తర్వాత కాలేజీల నుంచి అవార్డు లెటర్లు వస్తాయి, కొన్నిట్లో గ్రాంటూ లోనూ కలిపి ఒకే మొత్తం వేస్తారు. మొదటి ఏడాది పాప పేరున 5,500 దాకా ఫెడరల్ లోన్ ఉండొచ్చు, అది సాయం కాదు, అప్పు. లెటర్ రాగానే నాకు ఫోన్ చేయండి, ఆదివారం మా ఇంటికి రండి, కూర్చుని లైనుకి లైను చూద్దాం.