సచివాలయంలో మనిషి ఉన్నాడుగా, వెబ్‌సైటు మార్చడం ఎందుకు?

ఆమదాలవలస కుర్రాడు
మన జిల్లా గ్రూపులో ఒకాయన రాసిన మాట మీద ఇక్కడ విడిగా చర్చ పెడుతున్నాను. అక్కడ గోల ఎక్కువై అసలు విషయం పక్కకి పోయింది. ఆయన అన్నది ఇది: దాదాపు రెండు వేల జనాభాకి ఒక గ్రామ సచివాలయం ఉంది, అందులో డిజిటల్ అసిస్టెంట్ ఉన్నారు, దివ్యాంగులు వెళ్తే దరఖాస్తు ఆయనే నింపి పెడతారు, కాబట్టి ప్రభుత్వ వెబ్‌సైట్లను దివ్యాంగులకు అనువుగా మార్చమనడం డబ్బు దండగ.

నాకు చూపు లేదు. కంప్యూటర్లో ఎన్‌వీడీఏ, ఫోన్లో టాక్‌బ్యాక్ వాడతాను. తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు ఇవి. పైసా కట్టక్కర్లేదు, తెలుగు కూడా చదువుతాయి. వాటితోనే డబ్బులు పంపుతాను, కరెంటు బిల్లు కడతాను, ఈ పోస్టూ వాటితోనే రాశాను. ప్రభుత్వ దరఖాస్తు దగ్గరే పని ఆగిపోతుంది. గడికి కోడ్‌లో పేరు (లేబుల్) తగిలించరు, దాంతో నాకు వినపడేది "ఎడిట్, బ్లాంక్" అని మాత్రమే. అది నా పేరో, నాన్న పేరో, ఆధార్ నంబరో ఊహించుకోవాలి. పుట్టిన తేదీ క్యాలెండరు మౌస్‌కి తప్ప లొంగదు. ఏదైనా తప్పు పడితే గడి చుట్టూ ఎర్ర గీత వస్తుందని చెల్లి చెప్పింది. ఎరుపు వినపడదు కదా! అన్నీ దాటాక చివర్లో, నింపేది మనిషో ప్రోగ్రామో తేల్చడానికి పెట్టే వంకర టింకర అక్షరాల కాప్చా.

నా వాదన ఒక్కటే. సాయం చేసే మనిషి ఉండటం మంచిదే, ఆ మనిషి లేకపోతే దారే లేకపోవడం మంచిది కాదు. ఇంకొకరి చేత నింపిస్తే ఓటీపీ ఆయనకి చెప్పాలి, బ్యాంకు ఖాతా నంబరు వరసలో నిలబడి పైకి చదవాలి. ఆయన ఏం కొట్టారో నేను సరిచూసుకోలేను. వైకల్యం శాతం 75 బదులు 57 అని పడితే, ఆ సంగతి తెలిసేది ఎప్పుడో కాగితం తిరిగొచ్చాక. మీరేమంటారు?

సచివాలయం ఉద్యోగి (విజయనగరం జిల్లా)
పేరు చెప్పను, ఉద్యోగం కదా. నేను కూడా డిజిటల్ అసిస్టెంట్‌నే. మీ బాధ కాదనను తమ్ముడూ, కానీ మా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లని ఒకసారి లెక్కలోకి తీసుకోండి. మా దగ్గరికొచ్చే దివ్యాంగుల్లో ఎక్కువమంది పెద్ద వయసువాళ్లు. చేతిలో బటన్ ఫోను. ఆధార్‌కి లింకైన నంబరేమో హైదరాబాద్‌లో పనిచేసే కొడుకు దగ్గర ఉంటుంది. ఓటీపీ కోసం అతనికి ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానంటాడు. వీళ్లకి మీ లేబుళ్లతో, ఎన్‌వీడీఏతో పనేముంది? వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి స్లాట్ దొరుకుతుందా, ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు, అదీ వాళ్ల టెన్షన్.

ఒకటో తారీఖున పింఛను ఇంటికే తీసుకెళ్లి ఇస్తున్నాం. దివ్యాంగులకి నెలకి 6000. అదే మనిషి దరఖాస్తు కూడా ఇంటికెళ్లి తీసుకుంటే ఎక్కువమందికి మేలు. ఖర్చు పెట్టేది ఒకటే చోట అంటే నేను అక్కడ పెడతాను. డిగ్రీ చదివిన ఒకరిద్దరి కోసం పోర్టళ్లన్నీ తిరగరాయమంటే ఎలాగండీ?

గంటస్తంభం దగ్గర
"ఒకరిద్దరి కోసం" అన్నారు కాబట్టి మా ఊరి సంగతి ఒకటి. విజయనగరం సంగీత కళాశాల 1919లో పెట్టింది చూపులేని ఒక కుర్రాడికి సంగీతం చెప్పించడానికేనని ఇక్కడ చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. తర్వాత అదే కుర్చీలో చూపు సరిగా ఆనని ద్వారం వెంకటస్వామి నాయుడు గారు కూర్చున్నారు. ఘంటసాల చదివిందీ అక్కడే. ఒక్కడి కోసమని రాజుగారు ఊరుకోలేదు.

సచివాలయం ఉద్యోగి
రాజుగారి ఖజానా వేరు సార్, మాకు ప్రింటర్ టోనరు రావడమే గగనం.

రాజాం కోడర్
ఖర్చు మాట వచ్చింది కాబట్టి చెప్తాను, ఫారాలు కట్టడం నా తిండి. గడికి లేబుల్ తగిలించడం కోడ్‌లో ఒక్క లైను. గడిలో లేతగా కనిపించి టైప్ చేయగానే మాయమయ్యే అక్షరాలు లేబుల్ కిందికి రావు, చాలామంది మా వాళ్లు అక్కడే సరిపెట్టేస్తారు. ఎర్ర గీతతో పాటు "పిన్‌కోడ్‌లో ఆరు అంకెలు ఉండాలి" అని ఒక వాక్యం రాయడం, క్యాలెండరు పక్కన తేదీ టైప్ చేసే గడి ఇవ్వడం, ట్యాబ్ కీతో అన్ని గడులకీ వెళ్లగలగడం... ఇవన్నీ మొదట్లోనే చేస్తే విడిగా బడ్జెట్ అక్కర్లేదు. కట్టేశాక మళ్లీ విప్పితేనే ఖర్చు, మెట్లు కట్టాక ర్యాంపు కోసం గోడ పగలగొట్టినట్టు. ప్రభుత్వ వెబ్‌సైట్లకి కేంద్రం 2023లో ఇచ్చిన మార్గదర్శకాల మూడో వెర్షన్ కూడా డబ్ల్యూసీఏజీ 2.1 అనే అంతర్జాతీయ ప్రమాణాన్నే పాటించమంటుంది. అందులో కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

ఉద్యోగి గారూ, మీకో ప్రశ్న. రోజుకి అన్ని దరఖాస్తులు కొట్టే మీకు ప్రతి గడికీ మౌస్ పట్టుకుని వెళ్లడం బాగుందా? సగం నింపాక సెషన్ అయిపోయి మొదటికి రావడం బాగుందా? అనువైన ఫారం అంటే ఆమదాలవలస తమ్ముడికి ఎంత లాభమో మీ మణికట్టుకీ అంతే లాభం.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తడం లేదు. మన పాత దరఖాస్తులు, మార్గదర్శకాల పీడీఎఫ్‌లు చాలావరకు అను ఫాంట్లలో (డీటీపీ వాళ్లు వాడే, యూనికోడ్ కాని ఫాంట్లు) కొట్టినవో, కాగితం స్కాన్ చేసినవో. కంటికి చక్కటి తెలుగే. స్క్రీన్ రీడర్ పెడితే అను ఫాంటు పిచ్చి గుర్తులుగా వినిపిస్తుంది, స్కాన్ కాపీ అయితే అసలు నోరే విప్పదు. ఏ ఫోనైనా, కంప్యూటరైనా తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయించి పెట్టడానికి ఏ టెండరూ అక్కర్లేదు.

మూడు లాంతర్ల సెంటర్
అన్నీ ఒప్పుకుంటాను, కాప్చా తీసేయమంటే మాత్రం ఒప్పుకోను. అది తీసేస్తే సదరం స్లాట్ తెరిచిన నిమిషంలో ఏజెంట్లు ప్రోగ్రాములు పెట్టి మొత్తం లాగేస్తారు. నష్టపోయేది మళ్లీ దివ్యాంగులే.

రాజాం కోడర్
తీసేయమని ఎవరన్నారు బాబూ? ఇంకో దారి ఇమ్మంటున్నాం. ఆధార్‌కి ఓటీపీ వచ్చే చోట కాప్చా చేసే అదనపు కాపలా ఎంత? ఒక నంబరుకి ఇన్ని బుకింగులే అని సర్వర్ దగ్గర హద్దు పెడితే ఏజెంటు ఆటలు అంతకంటే బాగా కట్టవుతాయి. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 అయితే, లాగిన్ అవ్వడానికి పజిల్ విప్పడం ఒక్కటే మార్గంగా పెట్టొద్దని సూటిగా చెప్పింది. ఆడియో కాప్చా ఇచ్చాం కదా అంటారు కొందరు. గరగర చప్పుడు మధ్య ఇంగ్లిష్ అక్షరాలు. తెలుగు మీడియంలో చదివినవాడికి అది రెండో గోడ.

పలాస నుంచి
నాకు వినపడదు. ఆడియో కాప్చా సంగతి అటుంచండి, వెరిఫికేషన్ కాల్ చేస్తారు. ఎత్తకపోతే "స్పందన లేదు" అని దరఖాస్తు మూసేస్తారు. వినికిడి లోపం అని అదే దరఖాస్తులో రాసి ఉంటుంది! మెసేజ్ పంపండి చాలు.

చీపురుపల్లి అమ్మ
ఇందాకట్నుంచి చదువుతున్నాను, అందరూ కన్ను, చెవి గురించే. మా అబ్బాయికి పందొమ్మిది, బుద్ధిమాంద్యం. వాడికి స్క్రీన్ రీడర్ ఇచ్చినా, బొమ్మలు పెట్టినా దరఖాస్తు నింపలేడు, నేనే నింపాలి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు గారి కమిటీ దగ్గర గార్డియన్ కాగితం తెచ్చుకున్నాను. ఒక పోర్టల్లో ఆ కాగితం పెట్టడానికి చోటే లేదు. దరఖాస్తుదారు ఫోన్ నంబరు అంటుంది, నాది ఇస్తే "ఈ నంబరు ఇప్పటికే వాడుకలో ఉంది" అంటుంది, ఎందుకంటే నా పేరు మీద వేరే పథకం ఉంది. దరఖాస్తుదారు సంతకం అంటుంది. వాడు సంతకం పెట్టగలిగితే నేను కమిటీ దాకా ఎందుకు వెళ్తాను? సచివాలయంలో బాబు మంచివాడే. ఫారంలో గడి లేకపోతే ఆయన మాత్రం ఏటి చేస్తాడు?

ఆమదాలవలస కుర్రాడు
అమ్మా, మీ మాటతో ఉద్యోగి గారి వాదనకే చిల్లు పడింది. ఫారమే తప్పుగా కట్టినప్పుడు పక్కన ఎంత మంచి మనిషి ఉన్నా ఆ తప్పుని దాటలేడు.

టెక్కలి లాయరు
చట్టం సంగతి ఎవరూ చెప్పలేదు, పొట్టిగా చెప్తాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది. నిబంధనలు వచ్చిన రెండేళ్లలో సేవలన్నీ అనువుగా మారాలని సెక్షన్ 46. నిబంధనలు వచ్చింది 2017లో. ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 వరకు, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా. 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరీ కేసులో సుప్రీంకోర్టు, ఆ 2017 నిబంధనల్లో 15వది ప్రమాణాలని వట్టి సిఫార్సులుగా వదిలేసిందని, అది చట్టానికి విరుద్ధమని కొట్టేసింది. తప్పనిసరి నిబంధనలు మూడు నెలల్లో తయారు చేయమంది. ఆ కేసులో కోర్టుకి నివేదిక ఇచ్చింది హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లే. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు, యాసిడ్ దాడి బాధితులు, చూపులేని ఒకాయన వేసిన కేసుల్లో. కేవైసీ కోసం, అంటే మనిషి ఎవరో ఆన్‌లైన్లో సరిచూడటానికి, కన్నార్పమంటే ఆర్పలేనివాళ్ల గతేంటని అడిగారు. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని కోర్టు అంది, 20 ఆదేశాలిచ్చింది. కాబట్టి "దండగ" అనే చర్చ కోర్టులో ముగిసింది. మనం మాట్లాడాల్సింది ఏది ముందు అన్నదే.

సచివాలయం ఉద్యోగి
తీర్పు ప్రింటు తీసి సర్వర్‌కి చూపిస్తే కదులుతుందా సార్? సరే, అమ్మ గారి గార్డియన్ గడి, పలాస వారి మెసేజ్, ఈ రెండూ మేమే రోజూ తిట్టుకునేవి, పైకి రాయగలను. సబ్మిట్ కొట్టే ముందు నింపినదంతా చదివి వినిపించి సరేననిపించుకోవడం మా కౌంటర్లో రేపట్నుంచే చేయొచ్చు. నా ఓటు మాత్రం ఇప్పటికీ ఇంటికెళ్లే మనిషికే.

ఆమదాలవలస కుర్రాడు
చదివి వినిపిస్తే 57, 75 గొడవ తీరుతుంది, సంతోషం. ఓటీపీ గొడవ తీరదు. ఇంటికొచ్చే మనిషిని నేనెక్కడా వద్దనలేదు సార్, ఆయన పట్టుకొచ్చే ట్యాబ్‌లో కూడా ఇదే ఫారం ఉంటుంది కదా. వాట్సాప్‌లోనే రాష్ట్ర ప్రభుత్వ సేవలు ఇచ్చే మన మిత్ర 2025 జనవరిలో వచ్చింది. వాట్సాప్ టాక్‌బ్యాక్‌తో బాగానే నడుస్తుంది, నాలాంటివాళ్లకి అదో మంచి దారి. కానీ అందులో ఉన్న సేవలకే అది దారి. కేంద్ర పథకానికో, పరీక్ష ఫీజుకో మళ్లీ పోర్టలే గతి.

సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇద్దామనుకుంటున్నాను. లేబుళ్లు, తేదీ గడి, కాప్చాకి ఇంకో దారి, కాల్ బదులు మెసేజ్, అను ఫాంటు పీడీఎఫ్‌లు, గార్డియన్ గడి. ఇంకా ఉంటే రాయండి, శనివారం దాకా చూస్తాను. విజయనగరం వాళ్లు మీ కలెక్టరేట్‌లో ఇదే కాగితం ఇస్తే బాగుంటుంది.

గంటస్తంభం దగ్గర
నేనిస్తాను. కాగితం యూనికోడ్‌లోనే కొట్టండి మహానుభావా.

చీపురుపల్లి అమ్మ
గార్డియన్ గడి చివర్లో రాశావు బాబూ, ముందుకి తీసుకురా. అక్కడ రెండో పాయింటు చదివేలోపే పక్క టేబుల్‌కి పంపేస్తారు.