ట్రకోమా నివారణకు విరాళం: మందు ఉచితమైనప్పుడు డబ్బు దేనికి?

ప్రశ్న

మా అమ్మగారి సంవత్సరీకం సందర్భంగా, ఇథియోపియాలో ట్రకోమా అనే కంటి అంటువ్యాధి వల్ల కలిగే అంధత్వాన్ని నివారిస్తున్న ఒక స్వచ్ఛంద సంస్థకు కొంత సొమ్ము ఇవ్వాలనుకుంటున్నాము. ఈ వ్యాధికి వాడే అజిత్రోమైసిన్ మందును ఫైజర్ కంపెనీ 1998లో మొదలైన ఒక కార్యక్రమం ద్వారా ఉచితంగా ఇస్తున్నదని చదివాను. మరి విరాళాలు దేనికి ఖర్చవుతాయి? శస్త్రచికిత్సలకు ఇవ్వడం మంచిదా, నీళ్లకూ మరుగుదొడ్లకూ ఇవ్వడం మంచిదా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

మందు ఉచితమే గాని, దాన్ని కొండ మీది చివరి ఇంటిదాకా చేర్చడానికి ఖర్చవుతుంది. వ్యాధి ఎక్కువగా ఉన్న జిల్లాల్లో రోగులను ఒక్కొక్కరిగా వెతకరు. సాధారణంగా ఏడాదికి ఒకసారి ఊరందరికీ ఒక్క మోతాదు ఇస్తారు. ఊరూరా తూకం వేయడం కుదరదు కాబట్టి, గీతలు గీసిన కర్ర పక్కన మనిషిని నిలబెట్టి, తల ఏ గీతకు అందితే దానికి తగినన్ని మాత్రలు, చిన్నపిల్లలకైతే సిరప్ ఇస్తారు. ఆరు నెలలు నిండని పసివాళ్లకు టెట్రాసైక్లిన్ లేపనం కంట్లో పెడతారు. ఆ కర్ర పట్టుకుని తిరిగే కార్యకర్తల శిక్షణకు, భత్యానికి, వాహనాలకు, ఆ తరువాత ఒకటి నుంచి తొమ్మిదేళ్ల పిల్లల కనురెప్పలు తిప్పి చూసే సర్వేలకు విరాళాలు కావాలి.

రెండవ సమాధానం

నన్నడిగితే శస్త్రచికిత్సకే ముందు ఇవ్వమంటాను. చిన్నతనం నుంచి పదేపదే ఈ వ్యాధి సోకినవారికి రెప్ప లోపలి పొర మచ్చకట్టి ముడుచుకుపోతుంది, వెంట్రుకలు లోపలికి తిరిగి రెప్ప వేసిన ప్రతిసారీ కార్నియాను (కంటి ముందరి పారదర్శక పొరను) గీరుతుంటాయి. పిల్లలను చూసుకునే ఆడవాళ్లకు ఈ బాధ ఎక్కువ. చాలామంది చిన్న పట్టకారుతో ఆ వెంట్రుకలను తామే పీక్కుంటూ రోజులు నెట్టుకొస్తారు. శిక్షణ పొందిన నర్సులు ఊరి ఆరోగ్య కేంద్రంలోనే, రెప్పకు మాత్రమే మత్తు ఇచ్చి, ఆ వెంట్రుకలను బయటికి తిప్పే ఆపరేషన్ చేయగలరు. పోయిన చూపును ఇది తిరిగి తేలేదు, మిగిలినదాన్ని కాపాడుతుంది. అయితే కొందరికి వెంట్రుకలు మళ్లీ లోపలికి తిరుగుతాయి. అందుకే ఏటా ఎన్ని ఆపరేషన్లు చేశారన్నదాని కంటే, చేసినవారిని కొన్ని నెలల తరువాత మళ్లీ పరీక్షిస్తున్నారా అన్నది సంస్థను అడిగి తెలుసుకోండి.

మూడవ సమాధానం

పై ఇద్దరి మాటతోనూ ఏకీభవిస్తూనే నీళ్ల సంగతి చెబుతాను. పిల్లల పుసికళ్ల మీద వాలి ఈ సూక్ష్మజీవిని మోసుకుపోయే ఈగ, ఆరుబయట పడి ఉన్న మానవ మలంలో గుడ్లు పెడుతుంది. మరుగుదొడ్లు కట్టించడం వెనుక కారణమదే. అయినా ఇథియోపియాలోని అమ్హారా ప్రాంతంలో నీటి వసతి, ముఖశుభ్రతల మీద జరిగిన ఒక పెద్ద పరిశోధనలో, కొన్నేళ్లు గడిచినా ఇన్ఫెక్షన్ తగ్గినట్టు తేలలేదు. నీళ్లు, మరుగుదొడ్లు ఎలాగూ కావలసినవే కాబట్టి వాటిని మానుకోమని నేను అనను, కానీ ఒక్క బోరు వేయించినంత మాత్రాన ట్రకోమా పోతుందని ఏ సంస్థ అయినా చెబితే నమ్మవద్దు. మన దేశంలో 1963లో జాతీయ ట్రకోమా నియంత్రణ కార్యక్రమం మొదలైతే, ప్రజారోగ్య సమస్యగా ట్రకోమా తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది 2024లో. ఇంత దీర్ఘకాలం సాగే పని కాబట్టి, మీరిచ్చే సొమ్ము ఒకేసారి కాక, చిన్న మొత్తమైనా ఏటా, ఫలానా పనికే అన్న షరతు లేకుండా ఇస్తే వారికి ఎక్కువ ఉపయోగపడుతుంది.