ఈ ఆకుపచ్చ రాయి ఏమిటో చెప్పగలరా?

మాది చిత్తూరు జిల్లాలో కుప్పం దగ్గర పల్లె. పోయిన వారం చేను చదును చేస్తుంటే ఈ రాయి బయటపడింది. తమలపాకు రంగు. ఎండలో తిప్పితే లోపల అభ్రకం రేకుల్లాంటివి సన్నగా మెరుస్తున్నాయి. చాకుతో గీస్తే గీత పడలేదు, పైగా ఇదే గాజుసీసాను గీసింది. కాబట్టి మాలకైట్ (రాగి ఉండే పచ్చ ఖనిజం) కాదు, దాని గట్టిదనం మోస్ కొలతలో (1 నుంచి 10) 4 లోపే. బరువు 412 గ్రాములు, నీళ్లలో ముంచితే 152 మిల్లీలీటర్లు పెరిగాయి, అంటే సాంద్రత సుమారు 2.7.

చిగురుగుంట బంగారు గని ఇటువైపే. అందుకే అలాంటి చోట్ల దొరికే, క్రోమియం వల్ల పచ్చబడే ఫుక్సైట్ అభ్రకం కలిసిన క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి మారి గట్టిపడ్డ రాయి) అనుకుంటున్నాను. మా నాయన మాత్రం మరకతం అని ఆశ పెట్టుకున్నాడు. దాని సాంద్రత కూడా 2.7 దగ్గరే, అదే నా టెన్షన్. ఆయనకు తప్పు మాట చెప్పలేను. రాయిని పగలగొట్టకుండా ఈ రెండింటినీ ఇంట్లోనే వేరుగా గుర్తుపట్టే దారి ఉందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.