ఇంట్లో ఇనుప పనికి స్టబ్ బిట్లు: సెట్టు కొనాలా, విడిగా తీసుకోవాలా?

యలహంక_బెంచ్‌డ్రిల్:
ఇంట్లో 13 ఎంఎం చక్ (బిట్టుని పట్టే దవడలు) ఉన్న చిన్న బెంచ్ డ్రిల్లు, ఒక హ్యాండ్ డ్రిల్లు మాత్రమే ఉన్నవాళ్లకు స్టబ్ బిట్ల (పొట్టి డ్రిల్ బిట్ల) సెట్టు దండగ అని పక్క చర్చలో ఒకరు రాశారు. నేనైతే ముందు కొనాల్సింది స్టబ్ సెట్టే అంటాను. 6 ఎంఎం బిట్టు తీసుకోండి. మామూలు పొడవు బిట్టు, అంటే జాబర్ (జర్మన్ ప్రమాణం డిన్ 338), మొత్తం పొడవు 93 ఎంఎం, అందులో ఫ్లూట్ (మెలి గాడి ఉన్న భాగం) 57. స్టబ్ (డిన్ 1897) అయితే 66, ఫ్లూట్ 28. షాంక్ (గాడి లేని వెనక భాగం) అంతా చక్‌లోకి పోనిచ్చినా జాబర్ 57 ఎంఎం బయట ఉంటుంది, స్టబ్ 28 మాత్రమే. వంగడం పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి తేడా సుమారు ఎనిమిది రెట్లు. పంచ్‌తో కొట్టిన గుర్తు మీద నుంచి బిట్టు పక్కకి జరిగిపోతోందని బాధపడేవాళ్లు ఎక్కువగా మెషీన్‌ని తిడతారు. చాలాసార్లు వంగుతున్నది బిట్టే.

పీణ్య_టూల్‌రూమ్:
లెక్క సరిగ్గానే ఉందండీ. సెట్టు దగ్గరే నాకు పేచీ. 1 నుంచి 13 దాకా అర ఎంఎం చొప్పున వచ్చే 25 బిట్ల సెట్టులో ఎం3 ట్యాప్‌కి (3 ఎంఎం బోల్టు కోసం రంధ్రంలో మరలు కోసే పనిముట్టు) కావలసిన 2.5, ఎం6కి కావలసిన 5.0 ఉంటాయి. ఎం4కి 3.3, ఎం5కి 4.2, ఎం8కి 6.8 ఉండవు. ట్యాప్ నిటారుగా దిగాలంటే రంధ్రం నిటారుగా ఉండాలి, స్టబ్ అసలు అవసరం అక్కడే. ఆ సైజులే లేని సెట్టుకి డబ్బు పెట్టడం ఎందుకు? పైగా 11.5, 12.5 స్టబ్‌లు ఇంట్లో ఏళ్ల తరబడి డబ్బాలోనే ఉంటాయి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో విడిగా 2.5, 3.3, 4.2, 5.0, 6.8 తీసుకోండి, సన్నవి రెండేసి. మిగతా సైజులకు జాబర్ చాలు.
లోతు కూడా చూసుకోండి. 40 ఎంఎం చదరపు పైపులో రెండు గోడలూ ఒకేసారి దాటాలంటే 6 ఎంఎం స్టబ్ అందదు.

యలహంక_బెంచ్‌డ్రిల్:
సెట్టులో ట్యాపింగ్ సైజులు లేవన్నది నిజం. 3.3, 4.2, 6.8, 10.2 కలిపి ఇచ్చే సెట్లు కూడా ఉన్నాయి, అడిగి తీసుకోవాలి. పైపు సంగతి మాత్రం ఒప్పుకోను. రెండు గోడలూ ఒకేసారి దాటిస్తే అవతలి గోడకి చేరేసరికి జాబర్ మొన ఎక్కడ తగులుతుందో మన చేతిలో ఉండదు. రెండు వైపులా గుర్తు పెట్టి, పైపు తిప్పి వేస్తేనే బోల్టు సూటిగా దూరుతుంది.

గిండీ_ఫిట్టర్:
చెన్నై నుంచి రాస్తున్నా. మొన పోయిన జాబర్ బిట్లని కోసి పొట్టివి చేసుకుంటే కొత్తవి ఎందుకు?

పీణ్య_టూల్‌రూమ్:
చేసుకోవచ్చు గానీ కోసి మొన పెడితే సరిపోదు. బిట్టు మధ్యలో ఉండే వెబ్ (రెండు గాడుల మధ్య మిగిలే దిమ్మ) మొన దగ్గర సన్నగా, షాంక్ వైపు వెళ్లేకొద్దీ మందంగా ఉంటుంది. సగానికి కోస్తే మొన మధ్యలో ఉలి అంచు వెడల్పుగా మిగులుతుంది. అది కోయదు, లోహాన్ని నొక్కుతుంది. ఎంత తొక్కినా దిగదు, వేడెక్కి నీలం తిరుగుతుంది. అందుకే 118 డిగ్రీల మొన, కోసే అంచుల వెనక పది పన్నెండు డిగ్రీల వాలు పెట్టాక, గ్రైండింగ్ వీల్ అంచుతో వెబ్‌ని రెండు వైపులా సమానంగా పల్చన చెయ్యాలి. 8 ఎంఎం పైన చెయ్యి తిరిగినవాళ్లకి కుదురుతుంది. 3.3లో ఆ పని చేత్తో కుదరదు, కొనుక్కోండి.

గిండీ_ఫిట్టర్:
అర్థమైందండీ. మరి కోబాల్ట్ కలిసిన బిట్లు తీసుకోవాలా? 304 స్టెయిన్‌లెస్ స్టీలు పని కూడా ఉంటుంది.

యలహంక_బెంచ్‌డ్రిల్:
బెంచ్ డ్రిల్లుకైతే తప్పకుండా ఎం35 (మర సైజు కాదు, బిట్టు స్టీలు రకం), 135 డిగ్రీల స్ప్లిట్ పాయింట్ (మధ్యలో వెబ్ పల్చన చేసిన మొన). ఎం35లో 5 శాతం కోబాల్ట్ ఉంటుంది, వేడికి అంచు త్వరగా మెత్తబడదు. 304లో 6 ఎంఎంకి వేగం 500–600 ఆర్‌పీఎం, కటింగ్ ఆయిల్ వేసి, చిప్ (లోహపు చుట్ట) తెగకుండా వచ్చేలా ఒత్తిడి పెట్టాలి. ఒత్తిడి తగ్గించి బిట్టుని ఊరికే తిప్పితే ఆ చోటు గట్టిపడుతుంది, తర్వాత కొత్త బిట్టు పెట్టినా జారుతుంది. పంచ్ కూడా గట్టిగా కొట్టొద్దు, అదే ఇబ్బంది వస్తుంది. అదే 6 ఎంఎం మైల్డ్ స్టీలులో 1300 దాకా పోవచ్చు.

పీణ్య_టూల్‌రూమ్:
హ్యాండ్ డ్రిల్లుకి మాత్రం మామూలు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) స్టబ్ మేలు. కోబాల్ట్ పెళుసు, రంధ్రం అవతలికి దాటే క్షణంలో చెయ్యి కాస్త ఒరిగినా 3.3 పుటుక్కున విరుగుతుంది. ఒకటిన్నర ఎంఎం కన్నా పల్చని రేకులో ఏ ట్విస్ట్ (మెలి గాడి) బిట్టు పెట్టినా రంధ్రం మూడు మూలలుగా వస్తుంది, కింద చెక్క బిగించి వెయ్యండి, లేదా మెట్లుమెట్లుగా ఉండే స్టెప్ బిట్టు వాడండి.
కొనేటప్పుడు రంగు చూసి కోబాల్ట్ అనుకోవద్దు, బంగారు ఛాయ పైపూత కూడా కావచ్చు. షాంక్ మీద ఎం35 అని ఉందా చూడండి. మొనని వెలుతురుకి పెట్టి రెండు అంచుల పొడవు పోల్చండి. ఒకటి పెద్దదైతే రంధ్రం సైజు మించుతుంది, 4.2 రంధ్రంలో ఎం5 మరలు పట్టు తప్పుతాయి. తర్వాత కౌంటర్ అద్దం మీద దొర్లించండి. ఊగుతూ దొర్లిందంటే వంగినట్టే, అది వద్దని వెనక్కివ్వండి.