చర్చ: సమావేశాల్లో ఫోన్ తెరను టీవీకి వైర్‌లెస్‌గా పంపాలా, కేబుల్ వేయించాలా?

భీమవరం సభ్యుడు:
మా రొయ్యల రైతుల కార్యాలయంలో చెరువుల నీటి పరీక్షల ఫలితాలను ఫోన్ నుంచి గోడ మీది టీవీలో చూపిస్తుంటాం. కొంతకాలంగా బొమ్మ మధ్యలో ఆగిపోతోంది, ఒక్కోసారి ఫోన్‌కు టీవీ కనిపించడమే లేదు. హెచ్‌డీఎంఐ కేబుల్ వేయిద్దామని కొందరు, రౌటర్ మారిస్తే చాలని కొందరు అంటున్నారు. మీరేమంటారు?

అమలాపురం సభ్యుడు:
కేబులే వేయించండి. మేత వేసే వేళ చూసుకొని, పని మానుకొని వచ్చిన రైతును పావుగంట ఖాళీ తెర ముందు కూర్చోబెట్టడం తప్పు.

పాలకొల్లు సభ్యుడు:
ఆ మాట నిజమే కానీ, లోపం ఎక్కడుందో తెలియకుండా డబ్బు ఖర్చు పెట్టకండి. వైర్‌లెస్ అని మనం అనే దానిలో రెండు వేర్వేరు పద్ధతులున్నాయి. 2012లో వచ్చిన మిరాకాస్ట్‌లో ఫోన్, టీవీ వైఫై డైరెక్ట్ ద్వారా నేరుగా కలుస్తాయి కాబట్టి రౌటర్ మార్చినా అక్కడ ఒరిగేదేమీ లేదు. గూగుల్ వారి పిక్సెల్ ఫోన్లలోనైతే ఆ సౌకర్యమే లేదు. రెండో పద్ధతి గూగుల్ కాస్ట్‌లో మాత్రం ఫోన్, టీవీ రెండూ ఒకే వైఫైలో ఉండాలి. వచ్చినవారికి విడిగా ఇచ్చే గెస్ట్ వైఫైలో ఫోన్ ఉంటే, లోపలి పరికరాలు కనిపించకుండా రౌటరే అడ్డుకుంటుంది. టీవీ కనిపించకపోవడానికి మొదట అనుమానించవలసింది దీన్నే.

బొమ్మ ఆగిపోవడం వేరే సంగతి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్లో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. బజారులో ప్రతి దుకాణం రౌటరూ వాటినే పంచుకుంటుంది. రౌటర్, టీవీ ఒకే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. మధ్యలో మన మండువా ఇళ్ల గోడల్లాంటి మందపాటి గోడలుంటే మాత్రం ఆ సంకేతం నిలవదు.

అమలాపురం సభ్యుడు:
ఇన్ని పరీక్షలు మాట్లాడేవారు చేయగలరా? వారం వారం కొత్త ఫోన్ వస్తుంది.

రాజోలు సభ్యుడు:
కొత్త ఫోన్ల చిక్కు కేబుల్‌కూ ఉంది. టైప్-సీ ఉన్నంత మాత్రాన ఫోన్ బొమ్మను బయటికి పంపదు, ఆ పోర్టు ద్వారా బొమ్మను పంపే డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనే సౌకర్యం ఉండాలి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి అది లేదు. ఇంకొక్క మాట: కరెంటు పోయినప్పుడు టీవీ ఇన్వర్టర్ మీద వెలుగుతున్నా, రౌటర్ ఆ లైనులో లేకపోతే కాస్ట్ ఆగిపోతుంది. మా ఊళ్లో ఇది తెలుసుకోవడానికి ఒక వానాకాలం పట్టింది.

భీమవరం సభ్యుడు:
పాలకొల్లు వారు చెప్పినట్టే మా ఫోన్ గెస్ట్ వైఫైలోనే ఉంది. అసలు వైఫైలోకి మార్చగానే టీవీ కనిపించింది, మీకు ఎంతో కృతజ్ఞుణ్ణి. చుట్టుపక్కల దుకాణాలు తెరిచాక బొమ్మ ఇంకా ఆగుతోంది కనుక రేపు 5 గిగాహెర్ట్జ్‌కు మారుస్తాం, రౌటర్‌ను ఇన్వర్టర్ లైనులో కలుపుతాం. బయటి నుంచి వచ్చి మాట్లాడేవారికి మాత్రం అమలాపురం వారి మాట మీద ఒక ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో టీవీకి కలిపి ఉంచుతాం.