వేరుశనగ చేలో పొట్టి గునుగు, పొడుగు గునుగు: ఒకే జాతేనా?

పాకాల రైతు: అందరికీ నమస్కారం. ఎర్రనేలలో వర్షాధారంగా వేరుశనగ వేశాం. పల్లంలో, నిరుడు పేడదిబ్బ ఉన్న చోట గునుగు కలుపు నడుము ఎత్తుకు వచ్చింది. ఆకులు వెడల్పు, కొమ్మలు విపరీతం. మెరకన గరుసు నేలలో జానెడే ఉంది, ఆకులు సన్నం, అయినా అప్పుడే వెన్ను వేసింది. ఇవి రెండు జాతులా? మందుల కొట్టులో రెండింటికీ వేర్వేరు మందులు కొనమంటున్నారు.

తిరుపతి సభ్యురాలు (వ్యవసాయ పట్టభద్రురాలు): ముందు ఆ రెండో మందు కొనడం ఆపండి అన్నా. మీరు చెప్పినదాన్ని బట్టి రెండూ గునుగే. నీరు, ఎరువు దొరికితే ఒళ్లు పెంచుతుంది. దొరకకపోతే పెరగడం మానేసి త్వరగా విత్తనం కడుతుంది. నీడలో పెరిగితే ఆకు పలచగా, వెడల్పుగా వస్తుంది. వివిధ దేశాల వివరాలను కలిపి చూసిన 2015 నాటి ఒక విశ్లేషణలో, ఒకచోట పెరిగే మొక్కల లక్షణాల్లో కనిపించే తేడాల్లో దాదాపు పావు వంతు ఒకే జాతి లోపలివే అని తేలింది.

అనుమానం తీరకపోతే రెండు చోట్ల నుంచీ ఆ మెరిసే నల్ల గింజలు తెచ్చి ఒకే మట్టి నింపిన కుండీల్లో పక్కపక్కన చల్లండి. సమంగా పెరిగితే తేడా నేలది. అక్కడ కూడా ఒకటి పొట్టిగానే ఉంటే తేడా విత్తనంలో ఉన్నట్టు.

పూతలపట్టు సభ్యుడు: మా చేలో నీలిపూల వెన్నదేవి పీకినకొద్దీ వస్తోంది. అదీ నేల మహిమేనా?

తిరుపతి సభ్యురాలు: కాదండీ, అది ఆ జాతి గుణం. ఒక మొక్కను వేళ్లతో సహా తీసి మట్టి దులిపి చూడండి. భూమిలోపల తెల్లటి చిన్న కాయలు కనిపిస్తాయి. పైన పూసేది కాక, మట్టిలోనూ పూసి కాస్తుంది. ఒకే మొక్క మీద పెద్ద గింజలు, చిన్న గింజలు కూడా ఉంటాయి. తెగిన కాడ తడి నేల మీద పడితే మళ్లీ వేరు పోస్తుంది, కాబట్టి పీకింది గట్టున కాక ఎండలో బండ మీద వేయండి. తుంగది మరో దారి, దాని బలమంతా గడ్డల్లో ఉంటుంది. పైన కోస్తే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు!

పాకాల రైతు: మరి మందు ఏది కొట్టాలి? పంటకు 50 రోజులు.

తిరుపతి సభ్యురాలు: సమయం దాటిపోయింది. ఇమాజితాపిర్ అనే కలుపు మందును విత్తిన 20 రోజుల ప్రాంతంలో, కలుపు రెండు మూడు ఆకుల మీద ఉన్నప్పుడు కొట్టాలి. ఇప్పుడు ఏ పేరుతో అమ్మినా మీ నడుమెత్తు గునుగు లొంగదు. 45 రోజులు దాటాక గుంటక కూడా తోలకండి, పూత నుంచి మట్టిలోకి దిగి కాయ కట్టే ఊడలు తెగుతాయి. పదును ఉన్నప్పుడు చేత్తో మెల్లగా పీకించండి. కూలీలను ముందు మెరకకు పంపండి. పల్లంలోది కంటికి పెద్దగా కనిపిస్తుంది కానీ, గింజ ముందు రాలేది జానెడు మొక్కల నుంచే.