హెచ్-4 వీసాలో ఉన్నాను, ఫ్యామిలీ థెరపిస్టు కావచ్చా?

అందరికీ నమస్కారం. మా వారికి హెచ్-1బీ ఉద్యోగం, ఆయన భార్యగా నాది హెచ్-4 వీసా. ఈ మధ్యే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చాము. హైదరాబాద్‌లో ఎంఎస్సీ సైకాలజీ చదివి, ఒక స్కూల్లో కౌన్సెలర్‌గా పనిచేశాను. ఇక్కడ ఫ్యామిలీ థెరపిస్టుగా స్థిరపడాలని ఉంది. నా డిగ్రీ సరిపోతుందా? జీతాలు ఎలా ఉంటాయి?

శాన్ హోసే నుంచి:
అమ్మా, డిగ్రీ సంగతి తర్వాత. మీ వారి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదమైందా? అయితే మీకు ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి పత్రం, వచ్చే వీలుంది. లేకపోతే హెచ్-4 మీద చదువుకోవచ్చు గానీ ఉద్యోగం చేయకూడదు. ఈ వృత్తిలో చదువు సగమే, మిగతా సగం పనిచేస్తూ సంపాదించుకోవాలి.

కాలిఫోర్నియాలో లైసెన్సుకు 60 సెమిస్టర్ యూనిట్ల మాస్టర్స్ కావాలి. మీ ఎంఎస్సీ అడ్మిషన్‌కు అండగా ఉంటుంది. లైసెన్సుకు మాత్రం మన డిగ్రీలు సాధారణంగా చాలవు, ఎందుకంటే ఇక్కడి చట్టాలు, వృత్తి నియమాల పాఠాలు, ప్రాక్టికం (చదువులో భాగంగా క్లయింట్లతో చేసే శిక్షణ) అందులో ఉండవు. ఆ తర్వాత అసోసియేట్‌గా, అంటే ఇంకా లైసెన్సు రాని థెరపిస్టుగా నమోదై, సూపర్‌వైజర్ కింద మొత్తం 3,000 గంటలు పూర్తి చేయాలి. అందులో కనీసం 1,750 గంటలు క్లయింట్ ఎదురుగా కూర్చుని చేసినవై ఉండాలి. క్లయింట్ రాకపోతే ఆ గంట ఈ లెక్కలోకి రాదు. 500 గంటలు దంపతులు, కుటుంబాలు, పిల్లలతో చేయాలి. పరీక్షలు రెండు.

ఎఫ్-1 (విద్యార్థి వీసా)కి మారదామనుకుంటే ఒక మాట. చదువయ్యాక ఆ వీసా మీద పనిచేయడానికిచ్చే అనుమతి, ఓపీటీ, ఈ చదువుకు ఏడాదే. డిగ్రీ చేతికి రాకముందు చేసినవి 1,300 గంటలకు మించి లెక్కలోకి రావు. మిగిలిన 1,700 గంటలు ఒక్క ఏడాదిలో ముగించడం కాగితం మీద కుదురుతుంది. క్లయింట్లు మన వీసా గడువు చూసి అపాయింట్‌మెంట్లు పెట్టుకోరు కదా!

జీతమా? 2023 మేలో దేశవ్యాప్త మధ్యస్థ వేతనం ఏడాదికి 58,510 డాలర్లు. బే ఏరియా అద్దెలకు అది ఏ మూలకూ రాదు. అసోసియేట్‌గా ఉన్నన్నాళ్లు సాధారణంగా ఇంకా తక్కువే.

డాలస్ నుంచి:
నన్నడిగితే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో మాస్టర్స్) చేయండి. ఆసుపత్రులు, స్కూళ్లు సోషల్ వర్కర్లను ఎక్కువగా తీసుకుంటాయి. మెడికేర్ (ముఖ్యంగా పెద్దవాళ్లకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) వాళ్లకు ఎన్నో ఏళ్లుగా చెల్లిస్తోంది, ఫ్యామిలీ థెరపిస్టులకు 2024 జనవరి నుంచే మొదలైంది. పైగా లైసెన్సు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఇస్తుంది. మీ వారి ఉద్యోగం రేపు ఇటు మారితే మళ్లీ దరఖాస్తే.

అడిగినావిడ:
ఐ-140 పోయిన నెల ఆమోదమైందండీ. తెలుగులో మాట్లాడే థెరపిస్టులకు గిరాకీ ఉంటుందా?

శాన్ హోసే నుంచి:
అయితే సగం గండం గడిచినట్టే. ఈఏడీకి ఇప్పుడే దరఖాస్తు చేయండి. ఎంఎస్‌డబ్ల్యూ మాట నిజమే, ఉద్యోగ భద్రతే ముఖ్యమైతే అదే మేలు. భార్యాభర్తలను, అత్తాకోడళ్లను ఒకే గదిలో కూర్చోబెట్టి పనిచేయాలన్న కోరిక బలంగా ఉంటే ఎంఎఫ్‌టీ (మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపీ) వైపే రండి.

తెలుగుకు గిరాకీ ఉంది, చిక్కూ ఉంది. గుడిలో పలకరించే ఆవిడే మీ దగ్గరకు క్లయింట్‌గా వస్తానంటుంది. తెలిసినవాళ్లను తీసుకోకూడదు, వేరేవారి దగ్గరకు పంపాలి. మన ఊరివాళ్లకు గుట్టు బయటపడుతుందన్న భయం ఎక్కువ. అందుకే కొందరు కావాలనే తెలుగు రాని థెరపిస్టును వెతుక్కుంటారు.

ఫీజు కట్టే ముందు కాలేజీని ఒకటే అడగండి: ప్రాక్టికం చోటు మీరు చూపిస్తారా, మేమే వెతుక్కోవాలా?